రాసే హక్కు

'ఈ ఫైలును వేరొకరు తెరిచి ఉంచారు. చదవగలరు, మార్చలేరు.'

తెర మీద మళ్ళీ అదే మాట. ప్రదీప్ కుమార్ నుదుటి చెమట తుడుచుకున్నాడు.

కాశీబుగ్గ డయాలసిస్ సెంటర్లో అతను కంప్యూటర్ ఆపరేటరు. అక్కడే పేషెంటు కూడా. రెండు కిడ్నీలూ పోయాయి. తండ్రి యోనాని తీసుకుపోయిన జబ్బే అది. ఇంటిల్లిపాదీ తాగింది ఒకే బోరు నీళ్ళు; జబ్బు వాటి నుంచే అంటారు.

తల్లి భాగ్యమ్మ తన కిడ్నీ ఇస్తానంది. టెక్కలిలో ఈ సెంటరు వాళ్ళదే పెద్దాసుపత్రి ఉంది. అక్కడ ఆమెకు పరీక్షలన్నీ చేశారు. ఫలితాల ఫైలు అక్కడి సర్వర్లో ఉంది. ఈ సాయంత్రం విశాఖపట్నం డాక్టర్లు దాన్ని చూసి, ఆపరేషన్ సంగతి తేలుస్తారు.

భాగ్యమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని మాని వచ్చి, కొడుకు పక్కనే కూర్చుంది. వేళ్ళ నిండా జీడి మరకలు.

"ఏటి రాసినారు నాయినా?"

"ఇంకా పూర్తవలేదమ్మా."

కానీ అతను ఫైలు చదివాడు. మొదటి నుంచి చివరి దాకా. చదివిన దగ్గర్నుంచే ఈ ఆత్రం.

టెక్కలి సర్వర్ గదికి ఫోన్ చేశాడు. అక్కడ పనిచేసే బిందు ఎత్తింది.

"డాక్టరు గారు ముందు తెరిసినారు కదన్నా. రాసే హక్కు సర్వరు ఆయనకిచ్చింది. ఆయన మూసీదాకా ఇంకొకలకి ఇవ్వదు. ఇద్దరూ ఒకేపాలి రాత్తే ఫైలు పాడైపోద్ది."

"అయితే మూసెయ్యమను."

"ఆయన ఎళ్ళిపోనారు. ఆయన గదికి లైను కూడా తెగిపోనాది. మిషను పలకట్లేదు."

"పలకని మిషనుకి హక్కెందుకు?"

"గడువుంటాదన్నా. మన దగ్గర లైను ఊరికే పోతాదని గడువు ఎక్కువ పెట్టినాం. ఈలోగా ఆ మిషను పలికితే హక్కు ఆయనదే. పలక్కపోతే అప్పుడు నీకిత్తాది. కేబులోళ్ళు వచ్చినారు, లైను కలుపుతున్నారు."

"నువ్వు తీసెయ్యలేవా బిందూ? నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన రాసింది ఏటన్నా పోతే నా ఉద్దోగం పోద్ది. ఇంతకీ ఏటి మార్సాల?"

అతను తల్లి వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మ వయసు తప్పు పడ్డాది. వైజాగోళ్ళు సూత్తే ఫైలు ఎనక్కి తిప్పేత్తారు."

అవతల బిందు నిట్టూర్చింది. "గడువు అవనీ అన్నా. నా సేతిలో లేదు."

నర్సు గ్లోరీ తలుపు దగ్గరకొచ్చింది. "ప్రదీప్, నీ బెడ్డు ఖాళీ అయింది. రా."

"ఇంకొకలకి ఇచ్చీ సిస్టర్."

"కాళ్ళు సూడు, ఎలా పొంగిపోనాయో. ఆయాసం కూడా వత్తంది కదా."

"తరవాత వత్తాను. వదిలెయ్యి."

భాగ్యమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "నువ్వు ముందు మంచం ఎక్కు. నాను ఈడే కూకుని ఆ కంప్యూటర్ని సూత్తాను."

"నీకేటి తెలుత్తాదమ్మా."

"నాకు తెలిసింది ఒకటే. నాకు రెండున్నాయి. నీకు ఒక్కటీ లేదు. నాను రెండూ ఎట్టుకుని ఏటి సేసుకుంటాను?"

ప్రదీప్ తెర మీది ఫైలు వైపు తిరిగాడు. మళ్ళీ నొక్కాడు. అదే మాట. మళ్ళీ నొక్కాడు. అదే మాట. ఊపిరి అందడం లేదు. గడువు లోపే లైను ఎక్కడ కలిసిపోతుందోనని ప్రాణం కొట్టుకుంటోంది.

భాగ్యమ్మ చీర కొంగు తల మీద కప్పుకుంది. "ప్రభువా, నా బిడ్డ అడిగింది ఇయ్యి," అని గొణుక్కుంటోంది.

అతను ఇంకోసారి నొక్కాడు.

ఈసారి ఆ మాట రాలేదు. ఫైలు తెరుచుకుంది. రాయడానికి కూడా.

"వచ్చిందా నాయినా?"

"వచ్చిందమ్మా."

"స్తోత్రం ప్రభువా," అని భాగ్యమ్మ కళ్ళు మూసుకుంది.

ప్రదీప్ ఆమె పేరుకు ఎదురుగా ఉన్న 'ఫిట్' అన్న మాటకు ముందు 'అన్' చేర్చి, సేవ్ నొక్కాడు.