పదో మంచం

కొత్తగా వచ్చిన ముసలి సిస్టర్ ఎవర్నీ అడక్కుండా కత్తి అందుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టింది.

వంట సిస్టర్‌కి ఒళ్లు మండింది.

పన్నెండేళ్లుగా ఆ కాన్వెంటు వంటిల్లు ఆమె రాజ్యం. అయితే అసలు మంట అది కాదు. ఈ పిట్టంత మనిషి వచ్చింది దీవి ఆసుపత్రి నుంచి!

వాళ్ల మఠసభ కుష్ఠురోగుల కోసం నడుపుతున్న ఆ ఆసుపత్రిలో సిస్టర్లకు పదే మంచాలు. ఒకరు వదిలితేగానీ ఇంకొకరికి చోటు లేదు. అక్కడ సేవ చేయాలనే వంట సిస్టర్ సన్యసించింది. ఏటా ఆసుపత్రి పెద్దకు ఉత్తరం రాసేది. ఏటా ఒకటే జవాబు: “ఖాళీ లేదు.” సభ పద్ధతి ప్రకారం కింద పేరుండదు, హోదా మాత్రమే.

ఇప్పుడు ఖాళీ వచ్చింది. అది కాన్వెంటులోని నర్సు సిస్టర్‌కేనని అందరూ అంటున్నారు.

పైగా భోజనాల బల్ల దగ్గర అందరూ ముసలావిడ చుట్టే. దీవి కబుర్లు చెప్పమని ఒకటే గోల.

“అమ్మాయ్, బకెట్టు నీళ్లతో వందమంది గిన్నెలు ఎలా కడుగుతావు?” అడిగిందోసారి ముసలావిడ.

“ఇక్కడ నీళ్లకేం కరువు లేదండీ.”

“పోనీ, వేళ్లు లేనివాళ్లు ఎలా తింటారు?”

“చెంచాకి గుడ్డ చుట్టి చేతికి కడతాను. నాకేమైనా పరీక్ష పెడుతున్నారా?”

ముసలావిడ నవ్వింది.

“అంత గొప్ప చోటు వదిలి ఎందుకొచ్చారో!”

“మోకాళ్లు అరిగిపోయాయమ్మా.”

మేడమెట్లు మాత్రం చకచకా ఎక్కేస్తుంది. అబద్ధాలు కూడానా, అనుకుంది వంట సిస్టర్.

రెండు నెలలు తిరక్కుండానే ముసలావిడకు జ్వరం తగిలింది. వారంలో పోయింది. అందరూ ఏడ్చారు. వంట సిస్టర్‌కి కన్ను తడవలేదు.

మర్నాడు మదర్ పిలిచింది.

“సామాను సర్దుకో. పదో మంచం నీదే.”

“నాకా? నర్సు సిస్టర్‌కి కదా?”

“వదిలి వచ్చినావిడే నీకివ్వమంది. నిన్ను దగ్గరుండి చూసి మరీ రాసింది.”

మదర్ కాగితం చేతికిచ్చింది.

‘నాకింకా ఓపికుంది, వదలాలనీ అనిపించలేదు. కానీ నేను లేస్తే తప్ప ఆ పిల్లకు చోటు రాదని వచ్చేశాను. చెంచాకి గుడ్డ చుట్టడం తెలిసిన మనిషి. పంపండి.’

వంట సిస్టర్ ఆ కాగితంతో గదికెళ్లి పెట్టె తెరిచింది.

పన్నెండేళ్లుగా ఆమె పెట్టెలో దాచుకున్న ‘ఖాళీ లేదు’ జవాబులన్నీ ఈ చేతిరాతలోనే ఉన్నాయి.