గడప దగ్గర ఆగిన పాదాలు

సువార్తమ్మ పట్టిన రాగిజావను యలమందయ్య ఆ రోజు కూడా తాగలేదు. పళ్లు బిగించి మొహం గోడవైపు తిప్పేసుకున్నాడు.

“పోనీలెండి. కాసేపాగి తాగుదురుగాని,” అని ఆమె గ్లాసు మీద మూత పెట్టింది.

పక్షవాతం వచ్చి నెలన్నర అయింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట పూర్తిగా పోయింది. అద్దంకిలో ముప్పై ఏళ్లుగా తను నడిపిన విత్తనాల కొట్టును ఇప్పుడు భార్య వెంకటేశ్వరమ్మ చూసుకుంటోంది. పొద్దున తొమ్మిదింటికి వెళితే మధ్యాహ్నం రెండుకి గాని రాదు. ఆ ఐదు గంటలూ ఇంట్లో అతనూ, సువార్తమ్మా.

ఆమెను ఎవరూ పిలవలేదు. పది రోజుల కిందట తనంతట తనే వచ్చింది.

“మా చర్చి ఈ వీధి చివరేనమ్మా. పెద్దాయన్ని కనిపెట్టుకుని ఉండటానికి మనిషి లేరని విన్నాను,” అంది. జీతం ఇస్తానంటే వద్దంది.

వెంకటేశ్వరమ్మ పొంగిపోయింది. యలమందయ్యకు మాత్రం ఆమెను గుమ్మంలో చూడగానే గుండెల్లో రాయి పడింది.

ఊరికే ఎవరొస్తారు? ముప్పై ఏళ్ల వ్యాపారంలో తన దగ్గరికి ఊరికే వచ్చిన మనిషి ఒక్కరూ లేరు.

అందుకే ఆమె మీది నుంచి చూపు తిప్పేవాడు కాదు. ఒళ్లు తుడుస్తుంటే ఆమె చేతులు చూసేవాడు. జావ కాస్తుంటే మెడ సాచి, వంటింట్లో గిన్నెలో ఏం పడుతోందో చూసేవాడు. మాత్ర నోట్లో వేస్తే బుగ్గన దాచి, ఆమె అటు తిరగ్గానే ఉమ్మేసేవాడు. పని అయ్యాక ఆమె కొంగు తలమీద కప్పుకుని, మంచం పక్కన కళ్లు మూసుకుని కూచునేది. పెదాలు కదిలేవి కావు. ఆ దేవుణ్ణి ఏం కోరుకుంటోందో?

భార్యకు చెప్పాలని చూశాడు. ఎడమ చేత్తో వీధి తలుపు చూపించాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతులోంచి మూలుగు తప్ప ఏమీ రాలేదు.

“సువార్తమ్మ రేపు మళ్లీ వస్తుందిలెండి. అంత బెంగ దేనికి?” అంది వెంకటేశ్వరమ్మ.

చూడ్డానికొచ్చిన పక్కింటి నసీమున్నీసా నవ్వింది. “బెంగ కాదు వదినా, భయం! మతంలో కలిపేస్తుందనేమో అన్నకి. మా అత్త మంచాన పడితే రెండు నెలలు చాకిరీ చేసింది ఆమె. ఒక్కనాడు ఆ మాటెత్తితే ఒట్టు. కడుపులో ఏమీ పెట్టుకునే మనిషి కాదు.”

యలమందయ్య కళ్లు మూసుకున్నాడు. వీళ్లకేం తెలుసు?

పదకొండో రోజు ఆమె పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది. అతనికి నాలుక పిడచగట్టుకుపోతోంది. ఆమె వచ్చి నీళ్లు పట్టకముందే తాగెయ్యాలని, ఎడమ చేత్తో గోడవారనున్న బల్ల మీది చెంబు అందుకోబోయాడు. చెంబు దొర్లిపోయింది. ఒళ్లు అదుపు తప్పి, మంచానికీ గోడకీ మధ్య సందులోకి తలకిందులుగా జారిపోయాడు. మెడ వంగి గొంతు నొక్కుకుపోయింది. ఊపిరాడటం లేదు.

చప్పుడుకి సువార్తమ్మ వచ్చింది. మంచం కిందుగా ఆమె పాదాలు కనిపించాయి. గడప దగ్గరికొచ్చి ఆగిపోయాయి. సబ్బు నురగ కారుతున్న తడి పాదాలు. కదలడం లేదు.

అనుకున్నంతా అయింది. ఇందుకే వచ్చింది. ఇన్నాళ్లూ కాచుకుని కూచుంది దీనికే.

అతని కళ్లు బైర్లు కమ్ముతుండగా మంచం బర్రున పక్కకు జరిగింది. ఆమె చంకల కింద చేతులు వేసి, బలమంతా పెట్టి పైకి లాగింది. కూచోబెట్టి, ఊపిరి అందేదాకా వీపు నిమిరింది. తర్వాత నేలమీద కూలబడి బావురుమంది.

“ఆగానండి. గడప దగ్గర ఒక్క క్షణం ఆగాను. మీరు చూశారు. ప్రభువూ చూశాడు. నన్ను క్షమించండి.”

యలమందయ్య రెప్ప వేయకుండా ఆమెనే చూస్తున్నాడు.

“నేనెవరో మీకు గుర్తుందని మొదటిరోజే తెలిసిందండి,” ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. “మీకోసం ప్రార్థన చెయ్యాలని మూడేళ్ల నుంచీ కూచుంటున్నాను. నోరు పెగలట్లేదు. ముందు చేతులతో మొదలుపెడితే నోరు దానంతటదే పెగులుతుందేమోనని వచ్చాను.”

లేచి వెళ్లి జావ గ్లాసు తెచ్చింది. తనొక గుక్క తాగి, గ్లాసు అతని పెదాల దగ్గర పెట్టింది.

యలమందయ్య ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు.

నకిలీవని తెలిసే అతను అమ్మిన మిరప విత్తనాలకు రెండెకరాల్లో ఒక్క కాయా కాయకపోతే, మూడేళ్ల కిందట ఆ చేలోనే పురుగుమందు తాగి చనిపోయిన సంజీవరావు ఆమె భర్త.