చేపల డ్రమ్ము పందెం

"ముక్కు మూసుకుని మాట్లాడితే నాకేం అర్థమవుతుందే?" అన్నాడు బుడాన్.

మౌలాబీ ముక్కు మీంచి కొంగు తీసింది. "ఇంట్లో ఈ డ్రమ్మన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అంటున్నా!"

డ్రమ్ములో చేపలు, బెల్లం నెల రోజులుగా నానుతున్నాయి. మిరపతోటకు అంతకు మించిన మందు లేదని బుడాన్ నమ్మకం. ఆ కంపు అతని ముక్కుకు ఎప్పుడో అలవాటైపోయింది. మౌలాబీకి మాత్రం, పెదకాకాని నుంచి వచ్చిన చెల్లెలు యాస్మిన్ పలావు ముట్టకుండా వెళ్లిపోయిన రోజు నుంచీ ఒళ్లు మండిపోతోంది.

తగువు వ్యవసాయ సహాయకురాలు మాధురి దాకా వెళ్లింది.

"పొలంలోనే తేల్చుకోండి బుడాన్ గారూ. పది సాళ్లు తీసుకుని, సాలు విడిచి సాలు ఎర్రగుడ్డ, మధ్య సాళ్లకు తెల్లగుడ్డ కట్టండి. ఎర్రగుడ్డ సాళ్లకు మందు, తెల్లగుడ్డ సాళ్లకు ఉత్త నీళ్లు. ఎరువు, తడి అన్నీ సమానం. దేనిమీదా ప్రేమ చూపించకూడదు."

"ఎర్రగుడ్డ గెలిస్తే డ్రమ్ము ఊసెత్తను," అంది మౌలాబీ. "ఓడితే?"

"నా చేతులతో నేనే పారబోస్తా."

"కొలత మాత్రం నాది. నువ్వైతే రెండు చెంబులు ఎక్కువ పోస్తావు."

వారం వారం ఆమె ముక్కుకు గుడ్డ కట్టుకుని స్ప్రేయర్ ట్యాంకులు నింపి ఇచ్చేది. బుడాన్ వీపున తగిలించుకుని కొట్టేవాడు. ప్రేమ చూపించొద్దన్నారని, ఎర్రగుడ్డ సాళ్ల పక్కన నడిచేటప్పుడు పాపం మొహం పక్కకు తిప్పుకునేవాడు.

చివరికి ఇంటి ముందు కాటా పెట్టారు. ఎర్రగుడ్డ కాయలు ముప్పై రెండు కిలోలు తూగాయి. తెల్లగుడ్డవి నలభై ఒకటి!

మాధురి రెండోసారి తూయించింది. అదే లెక్క. బుడాన్‌కు ఏడుపొక్కటే తక్కువ. అయినా మాటంటే మాటేనని వెళ్లి డ్రమ్ము వంచబోయాడు.

మౌలాబీ పరుగెత్తుకొచ్చి డ్రమ్మును రెండు చేతులా వాటేసుకుంది.

"ఆగవయ్యా! చుక్క కూడా పారబొయ్యనివ్వను!"

"ఓడిపోయా కదే. నా మీద జాలి పడకు."

"జాలీ లేదు, గీలీ లేదు. వచ్చే ఏడు మూడెకరాలకీ కొడదాం. ఇంకో డ్రమ్ము పెట్టు."

"పిచ్చెక్కిందా నీకు? గెలిచింది నీళ్లు!"

మౌలాబీ ఓరకంట మాధురిని చూసి, మొగుడి చెవి దగ్గరికి వంగింది.

"నువ్వు గెలుస్తావేమోనని ట్యాంకులు మార్చేశా."