తుమ్ము లేని పాట

"ఇది మా చెల్లెలి గొంతు కాదు."

ఆ మాట అనేసి, పాట పాడిన గాయని అక్కగారు చేతిసంచీ అందుకుని లేచింది.

పాటల డాక్టరమ్మ పాట ఆపేసింది. ఆ వీధిలో అందరూ ఆమెని పిలిచేది అలాగే. పాత రికార్డుల్లో గీతలూ గరగరలూ తీసేసి పాటకి మళ్లీ ప్రాణం పోయడం ఆమె పని.

"అది కథలో చావబోతున్న పిల్ల పాడే పాటమ్మా," అంది అక్కగారు. "నువ్వు వినిపించింది వింటే బస్సు దాటిపోతోందని పరిగెడుతున్నట్టుంది. రేపొద్దున మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే ఇంకో చోటు చూసుకుంటాను."

కొట్టు యజమాని, డాక్టరమ్మకి సొంత బాబాయి, ఆవిడ వెళ్లిన వైపే చూశాడు.

"తుమ్మితే ఊడే ముక్కులా ఉంది మన కొట్టు. ఈ ఒక్క పనీ పోయిందంటే మూసేయడమే."

"తుమ్ముల మాటెత్తకు బాబాయ్. ఆ పాట మధ్యలో ఎవరో మహానుభావుడు తుమ్మాడు. అది తీసేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది."

అసలు చిక్కు తుమ్ముతో కాదు. అప్పట్లో రికార్డు చేసే యంత్రాలు ఒక్కోటి ఒక్కో వేగంతో తిరిగేవి. థియేటర్లో ఆడుతుండగా పట్టిన ఈ ఒపేరాని, అంటే పాటలతోనే నడిచే ఈ నాటకాన్ని, ఏ వేగంతో పట్టారో చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. కాస్త పెంచితే శ్రుతి పైకిపోయి విషాదం వేళాకోళమవుతోంది. తగ్గిస్తే గాయని పాడుతూ పాడుతూ నిద్రపోయేలా ఉంది. ఎక్కడ ఆపాలి?

ఆమె మళ్లీ పాట పెట్టింది.

గుమ్మంలో ఒక పెద్దాయన గొడుగు మడుస్తూ నిలబడిపోయాడు.

"ఇక్కడ రికార్డులకి వైద్యం చేస్తారటగా?"

"చేస్తాం. రోగి ఏడీ?" అన్నాడు బాబాయి.

పెద్దాయన నవ్వాడు. కానీ చెవి మాత్రం పాట మీదే ఉంది.

"ఇందులో ఒక తుమ్ముండాలే?"

"ఉండేదండీ. తీసేశాను," అంది డాక్టరమ్మ.

"నిజంగా తీసేశావా, తల్లీ?" ఆయన ముఖం విప్పారింది. "బతికించావు. ఇన్నేళ్లుగా రేడియోలో ఈ పాట ఎప్పుడొచ్చినా ఆ చోటు రాగానే కట్టేస్తున్నాను."

"ఒక్క తుమ్ముకే అంత బాధా?"

"పాపం, ఆ పిల్ల మొట్టమొదటిసారి వేదికెక్కిన రోజది. ఎవడో బుద్ధిలేనివాడు అంతా పాడుచేశాడు. ఆ సిగ్గుతో వాడు మళ్లీ ఏ థియేటరు గడపా తొక్కలేదు." ఆయన గొంతు సవరించుకున్నాడు. "నాకొక కాపీ ఇస్తావా? రైలుకి టైమవుతోంది."

"ఇంకా పూర్తవలేదండీ. వేగం కుదరలేదు."

"వేగం ఎలా ఉంటే నాకేం? తుమ్ము లేకపోతే చాలు."

బాబాయి పాటని సీడీకెక్కించి, అట్టపెట్టె కోసం పై అలమర తెరిచాడు. ఎన్నేళ్ల దుమ్మో, గుప్పున రాలింది.

పెద్దాయన ముక్కు పట్టుకున్నాడు. లాభం లేకపోయింది. నూతిలోంచి బిందె లాగినట్టు ముందొక దీర్ఘం, దాని వెనకే కొట్టు అదిరేలా ఒక తుమ్ము, చివర సన్నటి ఈల.

"క్షమించండి," అన్నాడాయన, ఎర్రబడిన ముఖంతో. డబ్బులు బల్ల మీద పెట్టి, సీడీ చంకలో పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు.

డాక్టరమ్మ చటుక్కున యంత్రం వైపు తిరిగింది. ఆ ఈల తను ఎక్కడో విన్నది.

పాటలోంచి తీసిన ఏ ముక్కనీ పారేసే అలవాటు ఆమెకి లేదు. దాచిన తుమ్ముని వెతికి వినిపించింది. పిల్లి తుమ్మినట్టుంది. వేగం కాస్త తగ్గించింది. ఇప్పుడు బడిపిల్లాడు తుమ్మాడు. ఇంకాస్త తగ్గించింది.

"ఏంటీ, ఆయన మళ్లీ వచ్చాడా?" అని లోపల్నించి అరిచాడు బాబాయి.

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరిదాకా పరిగెత్తింది. గొడుగు జాడ కూడా లేదు. పేరైనా అడగలేదే అని తనని తాను తిట్టుకుంది.

మర్నాడు పొద్దున్నే అక్కగారు వచ్చింది. డాక్టరమ్మ పాటని తుమ్ము చెప్పిన వేగంలో పెట్టింది. దారి చూపినదాన్ని గెంటేయడం మర్యాద కాదని తుమ్ముని కూడా దాని చోట్లో కూర్చోబెట్టింది.

అక్కగారు కళ్లు మూసుకుని వింది. తుమ్ము రాగానే పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

"ఇదీ మా చెల్లెలు. ఇన్నాళ్లకి ఇంటికొచ్చినట్టుంది."

బాబాయి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఆ రోజు భయంతో దానికి గొంతు పూడుకుపోయిందమ్మా," అంది అక్కగారు. "ఆ రాగం దగ్గర ఆగిపోవడం ఖాయమనుకున్నాం. ఆ పూట ఆగితే మళ్లీ వేదికెక్కనిచ్చేవాళ్లు కాదు. సరిగ్గా అప్పుడు ఎవరో తుమ్మారు. దీనికి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆపుకోడంలో గొంతు విచ్చుకుంది. ఇక్కణ్ణించి విను, ఎలా లేచిందో. జనమంతా ఆ వణుకుని ఏడుపనుకున్నారు."

డాక్టరమ్మ గుమ్మం వైపు చెయ్యి చూపింది.

"ఆయన నిన్న ఇక్కడికొచ్చారండీ. పాట పాడుచేశానన్న సిగ్గుతో ఉన్నారు. తుమ్ము లేని పాట అడిగి పట్టుకెళ్లారు."

అక్కగారు ఖాళీ గుమ్మం వైపు చూసింది.

"పోయేదాకా మా చెల్లెలు ఆడిన ప్రతి ఆటకీ ముందు వరుసలో ఒక కుర్చీ తనే టిక్కెట్టు కొని ఖాళీగా ఉంచేదమ్మా, ఆ తుమ్మినాయన ఎప్పటికైనా వస్తాడని."