ఆరు నెలల గడువు

"ఇల్లు పోతే పోనీలే అన్నా! అమ్మినా అప్పులో సగం తీరదు. కొమరోలు పోయి మా బామ్మర్ది దగ్గర గొర్రెలు కాసుకుంటాం" అన్నాడు గోవిందయ్య.

మోహన్‌కృష్ణ చేతిలోని టీ ఒలికినంత పనైంది.

"అట్ల అనమాక గోవిందయ్యా! ఇల్లంటే ఊరికే వస్తాదా?"

గోవిందయ్యది మార్కాపురంలో పలకల వ్యాపారం. బాగా నడిచిన రోజుల్లో అప్పు తెచ్చి మేడ కట్టాడు. తర్వాత పలకలు అడిగేవాళ్లు తగ్గారు. వాయిదాలు ఆగిపోయాయి. వడ్డీతో కలిసి అప్పు ఇంటి ధరను దాటి ఎక్కడికో పోయింది. ఇల్లు స్వాధీనం చేయించి వేలం వేయించమని ఫైనాన్స్ కంపెనీ కోర్టుకెక్కింది.

గోవిందయ్య మాత్రం మధ్యాహ్నం పూట గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు. అన్నం సహించనిది మోహన్‌కృష్ణకే. ఏదో వంకతో రోజూ ఆ వీధికి వస్తాడు. గోడల పెచ్చులు చూసి నిట్టూరుస్తాడు.

"సరైన కారణం చూపిస్తే గడువు పెంచే అధికారం జడ్జిగారికి ఉంది. నోరు తెరిచి అడుగు, చాలు" అన్నాడు.

"ఏం కారణం చెప్పేది?"

"మీ మల్లికి ఇంటర్ పరీక్షలు లేవా? నడిమధ్యలో పిల్లను బజార్న పడేస్తావా?"

ఆ మాటకు గోవిందయ్య భార్య ఆదెమ్మ కళ్లొత్తుకుంది. మొగుడి ముందు బయటపడలేదు గానీ, ఇల్లు వదలడం ఆమెకు ఇష్టం లేదు.

అనీస్ అనే లాయరును కుదిర్చిందీ మోహన్‌కృష్ణే. ఫీజు కూడా తనే ఇచ్చాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆదెమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

"తోడబుట్టినోళ్లు గూడా ఇంత చెయ్యరన్నా" అంది ఆమె.

వాయిదా రోజు మోహన్‌కృష్ణ అందరికంటే ముందే కోర్టుకు చేరాడు. గోవిందయ్య పక్కన కూర్చునే వీలు లేక అవతలి బెంచీ మీద సర్దుకున్నాడు.

కంపెనీ లాయరు నరేంద్ర గట్టిగా వాదించాడు. "ఆలస్యమైన కొద్దీ అప్పు పెరుగుతుంది సార్. ఇల్లు మాత్రం పెరగదు. వెంటనే వేలానికి అనుమతించండి."

అనీస్ లేచి మల్లి చదువు సంగతి చెప్పాడు. జడ్జిగారు గోవిందయ్యను పిలిచారు.

"నీకు గడువు కావాలా?"

గోవిందయ్య బుర్ర గోక్కున్నాడు. కొమరోలు గొర్రెలు కళ్ల ముందు మెదిలినట్టున్నాయి. మోహన్‌కృష్ణ బెంచీ మీంచి సగం లేచి, కావాలన్నట్టు తల ఆడించాడు. కళ్లతోనే బతిమాలాడు.

"కావాలయ్యా. మా బిడ్డ పరీక్షలైపోవాల. ఈలోపు పైవాటా బాడుగకిచ్చి ఎంతో కొంత కడతా" అన్నాడు గోవిందయ్య చివరికి.

జడ్జిగారు ఆరు నెలల గడువిచ్చారు.

వరండాలో ఆదెమ్మ గోవిందయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. అతని కళ్లూ తడిశాయి. ఇల్లంటే తనకూ ఇంత మమకారం ఉందని అప్పటిదాకా అతనికే తెలియదు. మోహన్‌కృష్ణ వాళ్లకు మిఠాయి తినిపించాడు. ఫైలు చంకన పెట్టుకుని పోతున్న నరేంద్రకూ ఒకటి అందించబోయాడు. నరేంద్ర మింగేసేలా చూసి వెళ్లిపోయాడు.

మోహన్‌కృష్ణకు ఇంటి గుమ్మంలోనే భార్య యామిని ఎదురైంది.

"ఏమైందండీ?"

"ఆరు నెలలు ఇచ్చినాడు!"

యామిని వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. మొహం విప్పారింది. "అయితే గండం గడిచినట్టే" అంటూ దేవుడి గదిలోకి పరుగెత్తింది.

ఆ ఇంటికి ఉన్నదానికి రెండింతల విలువ కట్టి గోవిందయ్యకు అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ మేనేజరు మోహన్‌కృష్ణ, ఇంకో ఐదు నెలల్లో రిటైర్ అవుతున్నాడు.