దింపుడు కళ్లం దగ్గర బస్సు

డ్రైవర్లు లేని బస్సులొచ్చాక మరిడయ్యను స్టీరింగ్ ముందు నుంచి లేపి, డిపోలో తెర ముందు కూర్చోబెట్టారు. ఉద్యోగం పేరు నిపుణ సలహాదారు. బస్సులు తేల్చుకోలేని చోట అడుగుతాయి, ఆయన చెప్పాలి. పడుకున్న గేదె లేస్తుందా, ఆటో ఎటు తిరుగుతుంది అంటూ పొద్దున్నుంచి డెబ్భై ప్రశ్నలయ్యాయి. కళ్లు మండుతున్నాయి.

రాజాం దారిలోని బస్సు పిలిచింది. "ఎదురుగా శవయాత్ర. పాడెను రోడ్డు మీద దించారు. హారన్ కొట్టనా?"

మరిడయ్య తెర మీదికి వంగాడు. చనిపోయినాయన కొడుకు తడిబట్టల్లో పాడె పక్కన కూర్చుని శవం చెవి దగ్గర నోరు పెట్టాడు.

"కొట్టకు. ఆగు."

"కారణం చెప్పండి. ముప్పై మందికి ఆలస్యమవుతోంది."

తెర మీది కారణాల్లో జంతువు, ప్రమాదం, వర్షం ఉన్నాయి. ఇది లేదు.

"దింపుడు కళ్లం. మూడుసార్లు సెవిలో పిలుత్తారు."

"మరణం నమోదైంది. ఆయన పలికే అవకాశం ఉందా?"

ఆ దారిలో ముప్పై ఏళ్లు ఎన్ని పాడెల వెనక ఇంజన్ ఆపుకుని కూర్చున్నాడో! ఒక్కరూ లేవలేదు.

"సెప్పలేం," అన్నాడు మరిడయ్య. "అందుకే ఆగు."