డాక్టరు మీదుగా

"ఇదీ తప్పే," అంది రామసుబ్బమ్మ, రిపోర్టును బల్ల మీద వెనక్కి నెట్టేస్తూ.

డాక్టర్ శ్యాంసుందర్ కళ్లజోడు సర్దుకున్నాడు. "మూడు నెలల్లో మూడుసార్లు చేయించానమ్మా. మూడూ తప్పేనా?"

"మీ నంద్యాల మిషన్లకే రోగముంది సార్. నాకేం లేదు."

ఆమెకు కావలసింది ఒక్కటే. అంతా బాగుందని రాసిన కాగితం. దానికోసమే ఆళ్లగడ్డ నుంచి మూడోసారి బస్సెక్కి వచ్చింది.

పక్క కుర్చీలో తమ్ముడు ఓబులేసు నవ్వాడు. అంత ఎండలోనూ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా తొడుక్కొచ్చాడు. ఉమ్మడి బోరు దగ్గర గొడవైన నాటి నుంచి, అంటే తొమ్మిదేళ్లుగా, ఇద్దరికీ మాటల్లేవు. అందుకని తిట్లన్నీ డాక్టరు మీదుగా నడుస్తున్నాయి.

"ఆమె నోట్లోనే లేని తీపి ఒంట్లోకి యాడ్నుంచి వచ్చె సార్?"

"నోరు మూసుకోమని చెప్పు సార్ ఆయప్పకు."

పొద్దున మూత్రపరీక్షకు ముందు తమ్ముడు జరిపిన నీళ్ల సీసాను ఆమె ముట్టనైనా లేదు. బయటికెళ్లి వేరేది కొనుక్కుని తాగింది.

"మూత్రంలో నురగ వస్తోందా?" అడిగాడు డాక్టరు.

"ఫినాయిల్‌కు వస్తాంది."

"రాత్రి ఎన్నిసార్లు లేస్తారు?"

"కుక్కలు ఎన్నిసార్లు మొరిగితే అన్నిసార్లు."

డాక్టరు నవ్వలేదు. "మూడు నెలల చక్కెర సగటు తొమ్మిది. మూత్రంలో ప్రోటీన్ పోతోంది. కంటి వెనక రక్తనాళాలు దెబ్బతిన్నాయని కళ్ల డాక్టరూ రాశాడు. మీకు ఏళ్ల నుంచి షుగర్ ఉందమ్మా. ఏ రోజూ చూపించుకోలేదు. అది కిడ్నీల దాకా వచ్చింది."

"రక్తంలో క్రియాటినిన్ బాగుందని మీరే అంటిరి!"

"అది తర్వాతెప్పుడో పెరుగుతుంది. ముందు కనిపించేది ఈ ప్రోటీనే. తొందరగా పట్టుకున్నాం. మందులు వాడి, ఉప్పు తగ్గిస్తే మీ కిడ్నీలు చాన్నాళ్లు నిలబడతాయి."

"నిలబడి ఏం చేస్తాయి?" ఆమె గొంతు వరండా దాకా వినిపించింది. "మందులు మింగుతా. ఉప్పు మానేస్తా. బాగుందని ఒక్క ముక్క రాయి సార్!"

"రాస్తే బాగవుతుందా?"

"అడుగు సార్," అన్నాడు ఓబులేసు గోడకేసి చూస్తూ, "ఆమెను ఎవరు రమ్మన్యారో అడుగు. నేనేమన్నా కాళ్లు పట్టుకుంటినా?"

"వాడు పిలిస్తే వచ్చే రకమా నేను? ఆ మాట వాడికి చెప్పు."

రిపోర్టును నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేసింది. కొంగుతో ముక్కు గట్టిగా తుడుచుకుంది. ఎవరైనా ఏడుపనుకుంటారేమోనని, ఈ ఊరి దుమ్మునూ రెండు తిట్లు తిట్టింది.

డాక్టరు ఫైలు మూసి, తమ్ముడి వైపు తిరిగాడు.

"ఓబులేసు గారూ, మీకు కిడ్నీ ఇస్తామనేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా?"